గురజాడ పురిటి ఊరు

పాస్‌పోర్టు రెన్యువల్‌కి అప్లికేషన్ నింపేటప్పుడు ‘పుట్టిన ఊరు’ అనే గడి దగ్గర ఒక్క క్షణం ఆగిపోతాను. నేను పుట్టింది ఏటికొప్పాకలో. కానీ అక్కడెప్పుడూ కాపురం ఉన్నది లేదు. నాన్న ఉద్యోగం వల్ల అనకాపల్లి, తర్వాత విశాఖపట్నం, ఆ తర్వాత ఇంజనీరింగ్ కాలేజీ హాస్టలు, ఇప్పుడు పదేళ్ళుగా హైదరాబాదు. ఏటికొప్పాక అమ్మమ్మ గారి ఊరు. వేసవి సెలవులకీ, సంక్రాంతికీ, పెళ్ళిళ్ళకీ, చావులకీ వెళ్ళే ఊరు. అయినా ఆ గడిలో రాయాల్సింది దాని పేరే.

ఉద్యోగంలో చేరిన కొత్తలో లంచ్ టేబుల్ దగ్గర ఎవరో “మీదే ఊరు?” అని అడిగితే ఏటికొప్పాక అన్నాను. “ఏటి?” అన్నాడొకడు, రాగం తీసి. అందరూ నవ్వారు. మా వైపు ‘ఏమిటి’ని ‘ఏటి’ అంటారు. సినిమాల్లో నౌకరు పాత్రకో, నవ్వించే పాత్రకో ఆ యాస తగిలించడం మామూలే కాబట్టి వాళ్ళకి అది వినగానే నవ్వొస్తుంది. నేనూ నవ్వాను. ఆ ‘ఏటి’ వేరనీ, అది ఏరు అనీ, వరాహ నది పక్కనున్న కొప్పాక అనీ చెప్పబోయి మానేశాను. “లక్క బొమ్మల ఊరు” అని సరిపెట్టాను. బొమ్మలంటే అందరికీ తెలుసు. 2017లో వాటికి జి.ఐ. గుర్తింపు కూడా వచ్చింది.

ఇంకో మాట కూడా చెప్పొచ్చు. గురజాడ అప్పారావు పుట్టింది మా పక్కూళ్ళో.

ఈ సంగతి చిన్నప్పుడు మావయ్య చెప్పేవాడు. ఆయనకి ‘కన్యాశుల్కం’ పుస్తకంగా తెలీదు, సినిమాగా తెలుసు. 1955లో వచ్చింది, గిరీశం ఎన్టీఆర్, మధురవాణి సావిత్రి. “ఆ కత రాసినోడు మనోడేరా, మన రాయారంలోనే పుట్నాడు” అనేవాడు. మావయ్య లెక్కలో మండలం అంతా మనోళ్ళే.

మొన్న సంక్రాంతికి మావయ్య బండి తీసుకుని ఎస్. రాయవరం వెళ్ళొచ్చాను. ఎస్ అంటే సర్వసిద్ధి. బ్రిటిష్ వాళ్ళ కాలంలో ఈ తాలూకా పేరే సర్వసిద్ధి తాలూకా, కచేరీ మాత్రం యలమంచిలిలో ఉండేది. ఇప్పుడు రాయవరం మండల కేంద్రం, ఏటికొప్పాక ఆ మండలంలో ఒక ఊరు. 2022 ఏప్రిల్ నుంచి మా జిల్లా పేరు అనకాపల్లి. దారి పొడుగునా చెరుకు, కొబ్బరి, అటు తూర్పుకి పోతే సముద్రం. గొప్ప రచయిత పుట్టిన ఊరంటే ఏదో కనబడాలనుకుంటాం. నాకు కనబడింది మా అమ్మమ్మ ఊరి లాంటి ఇంకో ఊరు. టీ తాగి వెనక్కొచ్చేశాను. దారంతా ఒకటే ఆలోచన: అసలు గురజాడకీ ఈ ఊరికీ సంబంధం ఎంత?

గురజాడ 1862 సెప్టెంబరు 21న రాయవరంలో పుట్టాడు. తండ్రి వెంకట రామదాసు, తల్లి కౌసల్యమ్మ. అది తల్లి పుట్టిల్లు. తండ్రి విజయనగరం సంస్థానంలో ఉద్యోగి. పిల్లవాడి మొదటి చదువు తండ్రి పనిచేసిన చీపురుపల్లిలో సాగింది. తండ్రి పోయాక విజయనగరం చేరాడు. మహారాజా కాలేజీ ప్రిన్సిపాల్ చంద్రశేఖర శాస్త్రి అతన్ని చేరదీసి తిండీ, ఉండడానికి చోటూ ఇచ్చాడు. 1882లో మెట్రిక్యులేషన్, 1884లో ఎఫ్.ఏ., ఆ ఏడే 25 రూపాయల జీతానికి బడిపంతులు ఉద్యోగం, 1886లో బి.ఏ. తర్వాత అదే కాలేజీలో లెక్చరరు, ఆనంద గజపతి కొలువులో శాసన పరిశోధకుడు, ఆ రాజు పోయాక రీవా మహారాణి దగ్గర ఆంతరంగిక కార్యదర్శి. 1915 నవంబరు 30న విజయనగరంలోనే పోయాడు. ఆయన ఇల్లు అక్కడే ఉంది, స్మారకంగా కాపాడుతున్నారు.

లెక్క చూస్తే బతుకంతా విజయనగరానిదే. మా రాయవరానికి దక్కింది పురుడు.

మొదట ఇది నాకు కొంచెం చిన్నతనంగా అనిపించింది, మావయ్య గొప్ప చెప్పుకునేది ఇంతేనా అని. తర్వాత ఆలోచిస్తే నా సంగతీ అదే కదా అనిపించింది. మన దగ్గర ఆడపిల్ల కాన్పుకి పుట్టింటికి వెళ్తుంది. అందుకే మనలో చాలామందికి పుట్టిన ఊరు అంటే అమ్మ ఊరు. ‘ఇక్కడ జన్మించారు’ అని మగ రచయితల పేరు మీద మనం చెప్పుకునే ఊళ్ళు చాలా వరకు ఒక ఆడమనిషి వదిలిపెట్టి వెళ్ళిన ఊళ్ళు, కాన్పు కోసం తిరిగొచ్చిన ఊళ్ళు. రాయవరం అప్పారావుది కాదు, కౌసల్యమ్మది. ఆమె గురించి మనకి మిగిలింది పేరు, ఇంకో రెండు ముక్కలు. పుట్టింటి నుంచి పసిపిల్లల్ని అమ్మేయడం గురించి రాసిన మనిషికి, పుట్టిన ఊరు అమ్మ పుట్టిల్లే కావడం నాకు ఊరికే పోయే విషయంలా అనిపించలేదు. దాని నుంచి నాటకం పుట్టిందని అనను. అలా కలిపేయడం సులువు, రుజువు లేదు.

ఊరూ నాటకకర్తా అనగానే అందరికీ గుర్తొచ్చేది స్ట్రాట్‌ఫర్డ్. షేక్‌స్పియర్ 1564లో అక్కడ పుట్టాడు, 1616లో అక్కడే పోయాడు, నాటకాలు మాత్రం లండన్‌లో ఆడించాడు. ఆయన పుట్టిన ఇల్లు 1847లో వేలానికి వస్తే చందాలు పోగేసి జాతి తరఫున కొన్నారు. ఇప్పుడు ఆ ఊరి బతుకే ఆ ఇల్లు. కానీ నాటకాల్లో ఆ ఊరి కోసం వెతికితే దొరికేది తక్కువ. ‘టేమింగ్ ఆఫ్ ద ష్రూ’ మొదట్లో తాగుబోతు స్లై నోట ఆ చుట్టుపక్కల ఊరి పేరొకటి వస్తుంది. తక్కినవాటిలో చాలా కథలు ఇటలీ, డెన్మార్క్, రోము లాంటి చోట్ల. ఇల్లు స్ట్రాట్‌ఫర్డ్‌లో ఉంది, కథలు ఎక్కడో ఉన్నాయి.

గురజాడ దగ్గర ఇది తిరగబడింది. పుట్టిన ఊరికి దక్కింది తక్కువ గానీ, నాటకం మాత్రం నూటికి నూరుపాళ్ళు ఈ నేలదే. మొదటి సీను విజయనగరంలో బొంకులదిబ్బ, అది నిజంగా ఉన్న చోటు. అక్కణ్ణించి అగ్రహారాలు, చివరికి విశాఖపట్నం. కృష్ణరాయపురం అగ్రహారంలో అగ్నిహోత్రావధాన్లు తన చిన్న కూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకి డబ్బుకి కట్టబెట్టబోతాడు. సుబ్బి మేనమామ కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి ఆ ముసలాయనకే అంటగడతాడు. మధ్యలో గిరీశం, మధురవాణి, రామప్ప పంతులు, చిన్నప్పుడే విధవ అయిన బుచ్చమ్మ.

ఆ కథకి వెనక ఒక లెక్క ఉంది. ఆనంద గజపతి విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన శుల్క వివాహాల పట్టీ ఒకటి తయారు చేయించాడు. డబ్బు తీసుకున్నామని ఎవరూ సులువుగా ఒప్పుకోరు కాబట్టి అది పూర్తి పట్టీ కాదని గురజాడే అన్నాడు. అయినా లెక్కకి వచ్చినవి 1034, సగటున ఏడాదికి 344. అందులో అయిదేళ్ళ పిల్లలు 99 మంది, నాలుగేళ్ళ వాళ్ళు 44, మూడేళ్ళ వాళ్ళు 36, రెండేళ్ళ వాళ్ళు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల ధర 350 నుంచి 400 రూపాయలు. అంటే బడిపంతులుగా గురజాడ మొదటి జీతంతో పోలిస్తే పద్నాలుగు పదహారు నెలల సంపాదన. మా జిల్లా డేటా ఇది. రోజూ డేటాతో పనిచేసే నేను ఈ నాలుగు వరసల్ని దాటి ముందుకి పోవడానికి చాలాసేపు పట్టింది.

నాటకం 1892లో విజయనగరంలో ఆడారు. 1897లో అచ్చయింది. 1909లో రెండో కూర్పు వచ్చింది. దాన్ని రెండో కూర్పు అనడం కంటే ఇంకో నాటకం అనడం నయం. ఏడంకాలకి పెరిగింది, మధురవాణి బాగా పెద్దదయింది. వాడుక మాటల్లో నాటకీయంగా రాయడం గురజాడతోనే మొదలవలేదు. వీరేశలింగం ప్రహసనాల్లో ఆ మాటలు ముందే ఉన్నాయి. కానీ ఒక పెద్ద నాటకం మొత్తం మాట్లాడే తెలుగు మీద నిలబడింది ఇక్కడే. ఎవరి మాట వారిది. అవధానిది ఒక తీరు, మధురవాణిది ఒక తీరు. గిరీశం తెలుగులో ఇంగ్లీషు కలిపి పిల్లాడు వెంకటేశాన్ని బోల్తా కొట్టించే తీరు చూస్తే మా ఆఫీసులో ఇద్దరు ముగ్గురు మేనేజర్లు గుర్తొస్తారు. పలికేటప్పుడు మాట ముందు వచ్చి చేరే ‘య’నీ ‘వ’నీ కూడా గురజాడ వదల్లేదు, చెవికి ఎలా వినబడితే అలా అచ్చేయించాడు.

దీని కోసం ఆయన తర్వాత గొడవే పడాల్సి వచ్చింది. విజయనగరంలో ఆయనతో చదువుకున్న గిడుగు రామమూర్తి, విశాఖలో ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్, స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు జె.ఎ. యేట్స్ – ఈ నలుగురూ బడుల్లో బతికున్న తెలుగు ఉండాలన్నారు. జయంతి రామయ్య పంతులు వైపు వాళ్ళు కూడదన్నారు, 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు పెట్టారు. మద్రాసు యూనివర్సిటీలో విద్యార్థులు ఏ తెలుగులో వ్యాసం రాయాలన్న చర్చ గ్రాంథికం వైపే తేలింది. గురజాడ ఒప్పుకోక 1914లో పెద్ద అసమ్మతి పత్రం రాసిచ్చాడు. ఆ మరుసటేడు చనిపోయాడు. తన జీవితకాలంలో ఆయన ఆ గొడవ గెలవలేదు.

ఆ అసమ్మతి పత్రం ఇంగ్లీషులో ఉంది. కన్యాశుల్కం రెండు కూర్పులకీ ముందుమాటలు కూడా ఇంగ్లీషులోనే ఉన్నాయి. వాడుక తెలుగు ఎందుకు కావాలో ఆయన ఇంగ్లీషులో వాదించాల్సి వచ్చింది. ఎందుకంటే తీర్పు చెప్పేవాళ్ళు ఆ భాషలో వింటారు. ఇది మనకి కొత్తేమీ కాదు. నేను రోజూ చేసే పనిలో ఒక్క ఈమెయిలు కూడా తెలుగులో ఉండదు.

ఇక నా సంగతి. ఇంజనీరింగ్ మొదటి ఏడాదిలోనే నా యాసని వదిలించేసుకున్నాను. ‘బేగి’ పోయి ‘తొందరగా’ వచ్చింది, ‘ఎల్పోనాడు’ పోయి ‘వెళ్ళిపోయాడు’ వచ్చింది. ఎవరూ బలవంతపెట్టలేదు. రెండుసార్లు నవ్వితే చాలు, మనిషి తనంతట తనే దిద్దుకుంటాడు. ఇంటికి ఫోన్ చేసేటప్పుడు హాస్టలు మెట్ల కిందకి వెళ్ళి గొంతు తగ్గించి మాట్లాడేవాణ్ణి. రహస్యాలేమీ లేవు, “ఏటి సేస్తన్నావు” అని అడగడం పక్కవాడు వినకూడదని.

కన్యాశుల్కం మొదటిసారి చదివింది ఉద్యోగంలో చేరాక, బస్సులో, ఫోన్ మీద. అప్పుడు పెద్దగా ఏమీ అనిపించలేదు, నవ్వుకున్నానంతే. రెండోసారి చదివినప్పుడు పుస్తకం కొని ఏటికొప్పాక తీసుకెళ్ళాను. అమ్మమ్మకి చదువు రాదు. మధ్యాహ్నాలు అరుగు మీద కూర్చుని ఆమెకి గట్టిగా చదివి వినిపించాను. అగ్రహారం వాళ్ళ మాటలు కొన్ని ఆమెకి వింతగా ఉన్నాయి. రామప్ప పంతులు కోర్టు వ్యవహారాలు మాత్రం నాకంటే ఆమెకే బాగా అర్థమయ్యాయి, అలాంటివాళ్ళని చూసిందట. పిల్లల ధరల పట్టీ చెప్పినప్పుడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది:

“నన్నూ ఓలిచ్చే తీసుకెల్నార్రా మీ తాతోళ్ళు. పన్నెండో ఏడు నాకు. మీ యమ్మకి నానే ఎదురిచ్చినాను. ఏది మంచిదో నువ్వే సెప్పు, సదూకున్నావు గదా.”

ఓలి అంటే మగపిల్లవాడి వాళ్ళు ఆడపిల్ల వాళ్ళకి ఇచ్చే డబ్బు. గజపతి పట్టీలో అమ్మమ్మ లాంటి వాళ్ళ పెళ్ళిళ్ళు లేవు, అది బ్రాహ్మణ కుటుంబాల పట్టీ. ఒక్క తరంలో డబ్బు ఎటు నుంచి ఎటు పోవాలో మారిపోయింది. అమ్మమ్మకి ఓలి, అమ్మకి కట్నం. గురజాడ రాసింది మొదటి దాని గురించి. రెండోది మన కాలానికి మిగిలింది. ఆమె ప్రశ్నకి నేను జవాబు చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేను.

ఆ రోజు ఇంకోటి కూడా అర్థమైంది. నాటకంలో నా యాస దొరుకుతుందని వెళ్ళాను. దొరికింది గానీ కొంచెమే. కన్యాశుల్కంలో వినబడేది ఎక్కువగా అగ్రహారాల తెలుగు, విజయనగరం పట్నం తెలుగు. అసిరిగాడి లాంటి నౌకరు వచ్చి నాలుగు మాటలు మాట్లాడి పోతాడు. బైరాగీ, హవల్దారూ ఉన్న సారా దుకాణం సీనులో వీధి కొంచెం వినిపిస్తుంది. చెరుకు కొట్టేవాళ్ళు, బొమ్మలు చేసేవాళ్ళు, అమ్మమ్మ లాంటి ఆడవాళ్ళు అందులో లేరు. ఇది గురజాడ తప్పని అనను. ఆయన తను విన్నది రాశాడు, చెవి చేరినంత మేర రాశాడు. ఆయన స్నేహితుడు గిడుగు ఇంకా అవతలికి వెళ్ళి, కొండల్లో సవరల దగ్గర వాళ్ళ భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు చేశాడు. తర్వాతి కాలంలో చాసో, రావిశాస్త్రి, కారా, పాటల్లో వంగపండు – ఒక్కొక్కరూ ఆ చెవిని ఇంకొంచెం దూరం పంపారు. “గురజాడ మా ఊరివాడు” అని మావయ్యలా నేను కూడా అనాలంటే ఇదొక్కటే దారి అనిపిస్తుంది. విన్నది విన్నట్టు రాయడానికి సిగ్గుపడకపోవడం.

ఏటికొప్పాకలో బొమ్మ చేసే పని మీరెప్పుడైనా చూశారా? అంకుడు కర్ర ముక్కని మరకి బిగించి తిప్పుతారు. తిరుగుతున్న కర్రకి రంగు లక్కని ఒత్తిపెడితే ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రని అంటుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో మెరుగు పెడతారు. కుంచెతో పూసిన రంగు కాదు కాబట్టి తొందరగా ఊడిరాదు. నేను హాస్టల్లో వదిలించుకున్నాననుకున్న యాస కూడా పూర్తిగా ఊడలేదని అమ్మమ్మ దగ్గర కూర్చున్నప్పుడల్లా తెలిసేది. గడప దాటి లోపలికి అడుగుపెట్టిన పది నిమిషాలకి నేను కూడా “బేగొచ్చీసినాను” అనేసేవాణ్ణి.

అమ్మమ్మ పోయినేడు చనిపోయింది. ఆమె గొంతు నా దగ్గర రికార్డు చేసి లేదు. ఫోన్‌లో వేల ఫోటోలున్నాయి, ఒక్క నిమిషం మాట లేదు. పైన ఉన్న ఆ నాలుగు వాక్యాలే నా దగ్గరున్న ఆమె మాట. గుర్తున్నంత వరకు అలాగే రాశాను.

రాసేటప్పుడు తమాషా జరిగింది. ఫోన్‌లో టైపు చేస్తుంటే కీబోర్డు ‘సెప్పు’ని ‘చెప్పు’గా మార్చింది. మళ్ళీ కొట్టాను, మళ్ళీ మార్చింది. ‘సదూకున్నావు’ కింద ఎర్ర గీత పెట్టింది. 1910లో గురజాడ రాసిన కథ పేరు ‘దిద్దుబాటు’. అందులో దారి తప్పిన మొగుణ్ణి పెళ్ళాం దిద్దుతుంది. ఇక్కడ అమ్మమ్మని ఫోన్ దిద్దుతోంది. ఇలాంటి సాఫ్ట్‌వేర్ రాసే జనంలో నేనూ ఒకణ్ణి. ఏ మాట సరైనదో మెషీన్‌కి చెప్పేటప్పుడు మేము అచ్చులో ఉన్న మాటలు ఇస్తాం. అచ్చులో లేనిది దానికి తప్పుగానే కనిపిస్తుంది. మద్రాసులో అప్పుడు కమిటీ ఉండేది, అసమ్మతి పత్రం ఎవరికివ్వాలో గురజాడకి తెలుసు. దీనికి ఎవరికివ్వాలి?

ఆటో కరెక్ట్ ఆఫ్ చేసి, అమ్మమ్మ మాటని అక్షరం అక్షరం కూడబలుక్కుని మళ్ళీ కొట్టాను. పాస్‌పోర్టు అప్లికేషన్‌లో పుట్టిన ఊరు ఏటికొప్పాక అని నింపాను. ఈసారి ఎవరైనా “ఏటి?” అంటే, “ఏరు” అని చెప్తాను. అంతటితో ఆగకపోతే, గురజాడ వాళ్ళమ్మ గారి ఊరు మా పక్కనే అని కూడా చెప్తాను.